వాకిలి దాటి నడవడానికి

ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధితో బతుకుతున్నవాళ్లం, మా ఇళ్లవాళ్లు, మాకు వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టులు కలిసి రాసుకున్న తొలి ప్రణాళిక

మాలో కొందరిది సీఓపీడీ. కొందరికి టీబీ ఎప్పుడో నయమైంది, మచ్చలు మిగిలాయి. కొందరి ఛాతీలో రాతిదుమ్ము ఉంది. చీటీ మీద ఏ పేరు రాసినా ఇంట్లో మాత్రం దాన్ని ఆయాసమనో దమ్మనో అంటారు. మందులు వాడుతున్నాం. పంపు పీల్చి, పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టడం నేర్చుకున్నాం. ఆస్పత్రికి వెళ్తే దగ్గు సంగతి అడుగుతారు, కళ్లె రంగు అడుగుతారు, గొట్టంలోకి ఊదమంటారు, ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూస్తారు. ఇవన్నీ కావలసినవే. కానీ నీళ్ల బిందె ఎత్తగలుగుతున్నావా అని అడగరు. చీర కట్టుకుంటూ మధ్యలో మంచం మీద కూలబడుతున్నావా, రేషన్ షాపు దాకా వెళ్లేసరికి ఎన్నిసార్లు ఆగుతున్నావు, మరుగుదొడ్డిలో కింద కూర్చుంటే గోడ పట్టుకోకుండా లేవగలవా – ఇవేవీ కేసు షీటులోకి ఎక్కవు.

ఎక్కాలని మేము అంటున్నాం. ఊపిరితిత్తుల జబ్బుకు చేసిన వైద్యం ఫలించిందో లేదో, ఆ మనిషి తన ఒంటితో తాను ఏం చేసుకోగలుగుతున్నాడో చూసి తేల్చాలి. ఆ శక్తిని తిరిగి తెచ్చిపెట్టే వ్యాయామ చికిత్స మనిషి నడిచిగాని, ఒక బస్సెక్కిగాని చేరగలిగినంత దూరంలో దొరకాలి. అలా కూడబెట్టుకున్న శక్తి ఏడాది తిరక్కుండానే జారిపోకుండా ఊళ్లోనే ఒక ఏర్పాటు ఉండాలి. ఈ చివరి దాని గురించి మాట్లాడేవాళ్లు చాలా తక్కువ. అందుకే ఈ ప్రణాళికలో ఎక్కువ చోటు దానికిచ్చాం.

సంఘానికి పేరు ఇంకా తేలలేదు. వచ్చిన సూచనల్లో సగం ఆక్సిజన్ సిలిండర్ల షాపు పేర్లలా ఉన్నాయి. పేరు ఆగొచ్చు, పని ఆగకూడదని ముందుగా దీన్ని అచ్చు వేస్తున్నాం.

జబ్బు ఛాతీలో, దెబ్బ తొడల్లో

ఆయాసం వచ్చినవాడు మొదట ఆగుతాడు. కొన్నాళ్లకి ఆయాసం తెప్పించే పనులే మానేస్తాడు. సైకిలు మూలకు చేరుతుంది, సంతకు కొడుకు వెళ్తాడు, మేడ మీది గది మనవళ్ల పాలవుతుంది. చూసేవాళ్లకి ఇది జాగ్రత్తలా కనిపిస్తుంది. లోపల జరిగేది వేరు.

సీఓపీడీలో గాలి గొట్టాలు ఇరుకవుతాయి. పీల్చిన గాలి పూర్తిగా బయటికి పోవడానికి ఎక్కువ సమయం కావాలి. నడక వేగం పెరిగితే ఊపిరి వేగం పెరుగుతుంది, వదిలే సమయం తగ్గుతుంది, పోవలసిన గాలి లోపలే చిక్కుకుంటుంది. అప్పటికే నిండి ఉన్న ఛాతీలోకి కొత్త గాలి పట్టదు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుందని మేము చెప్పేది దీని గురించే. ఇంతవరకూ ఊపిరితిత్తి సంగతి. ఇక కదలడం మానేసిన కాళ్ల సంగతి చూడండి. సీఓపీడీ ఉన్నవాళ్ల తొడ కండరాల బలం, అదే వయసు ఆరోగ్యవంతులతో పోలిస్తే, 20–30 శాతం తక్కువ ఉంటుందని కొలిచి చెప్పారు. బలమే కాదు, కండరం స్వభావం కూడా మారుతుంది. నెమ్మదిగా, ఎక్కువసేపు, అలసట లేకుండా పనిచేసే పోగులు తగ్గి, త్వరగా అలిసిపోయే పోగుల పాలు పెరుగుతుంది. అలాంటి కండరం నాలుగడుగులకే ఆమ్లాన్ని రక్తంలోకి వదులుతుంది. దాన్ని సర్దుకోవడానికి ఒళ్లు ఇంకా ఎక్కువ ఊపిరి అడుగుతుంది. అంటే, ఊపిరితిత్తి నిరుటి కంటే పిసరంత కూడా చెడకపోయినా, ఈ ఏడాది ఆయాసం పెరిగిపోవచ్చు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. కొండల సంగతేమో గాని, తొడలు మాత్రం కరుగుతాయి.

జబ్బు ముదిరి ఆస్పత్రిలో పడుకున్న రోజుల్లో ఈ కరుగుదల ఇంకా జోరందుకుంటుంది. పడకే కాదు, అప్పుడు తప్పనిసరై ఇచ్చే స్టెరాయిడ్ మందులూ ఎక్కువ కాలం వాడితే కండరాన్ని బలహీనపరుస్తాయి. ఇంటికి పంపేటప్పుడు ఆక్సిజన్ అంకె బాగుంటుంది, మనిషి మాత్రం మంచం దిగలేడు. ‘విశ్రాంతి తీసుకోండి’ అని చీటీ మీద రాసి పంపిన చేతులకు మేము నమస్కరించి చెబుతున్నాం: ఆ ఒక్క మాట మాకు చాలా కీడు చేసింది.

చేతుల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. తల దువ్వుకోవడానికీ, దండెం మీద బట్టలారేయడానికీ, అటక మీంచి గిన్నె దించడానికీ నడక కంటే ఎక్కువ ఆయాసం ఎందుకొస్తుందో మాలో ఆడవాళ్లకు ఏళ్ల తరబడి అంతుపట్టలేదు. చేతులు పైకెత్తినప్పుడు, ఊపిరి తీయడంలో సాయపడే మెడ, భుజాల కండరాలు చేతులను మోసే పనిలో పడిపోతాయి. భారమంతా డయాఫ్రం మీద పడి ఊపిరి లయ తప్పుతుంది. బార్తొలోమే చెలీ బృందం 1986లోనే దీన్ని పరీక్షించి అచ్చు వేసింది. జుట్టు కత్తిరించేసుకుంటానని ఇంట్లో గొడవపడ్డ అక్కలు మా గుంపులో ఉన్నారు. వాళ్లది సోమరితనం కాదని చెప్పడానికి ఇంతకాలం పట్టింది.

అదే చెలీ మరికొందరు వైద్యులతో కలిసి 2004లో ఇంకో మాట చెప్పాడు. సీఓపీడీ ఉన్న మనిషి ఎంతకాలం బతుకుతాడో అంచనా వేయడానికి ఊదే పరీక్ష ఒక్కటే చాలదు. బరువు, ఆయాసం తీవ్రత, 6 నిమిషాల్లో నడిచే దూరం కూడా కలిపితే అంచనా మెరుగవుతుంది. ఆ లెక్కలో 350 మీటర్లు దాటి నడిచేవాళ్లు మెరుగైనవాళ్లు. 150 లోపే ఆగిపోయేవాళ్ల పరిస్థితి అన్నిటికంటే ప్రమాదం. ఇరవయ్యేళ్లు గడిచాయి. మన జిల్లా ఆస్పత్రుల్లో ఎన్నింటిలో 30 మీటర్ల వరండా ఒకటి ఖాళీ చేసి, రెండు కొసలా రెండు గుర్తులు పెట్టి, మనిషిని నడిపించి చూస్తున్నారో మీరే వెళ్లి చూడండి.

ఎవరం మేము

పొగతాగేవాళ్ల జబ్బని మమ్మల్ని పక్కన పెట్టేయడం తేలిక. తాగినవాళ్లున్నారు, దాచుకోం. నిజామాబాద్ బీడీ, కోస్తా చుట్ట, ఉత్తరాంధ్రలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ – అన్నీ మా మధ్య ఉన్నాయి. కానీ లెక్క అక్కడ ఆగదు. మన దేశంలో సీఓపీడీ ఉన్నవాళ్లు 1990లో 2.8 కోట్లు, 2016 నాటికి 5.5 కోట్లు. ఆ జబ్బు వల్ల 2016లో జరిగిన నష్టంలో సగానికి పైగా, 53.7 శాతం, గాలి కాలుష్యం ఖాతాలో పడింది. పొగాకు వాటా 25.4 శాతం, వృత్తిలో పీల్చిన దుమ్ముధూళి వాటా 16.5 శాతం. గాలి కాలుష్యమంటే రోడ్డు మీది పొగ ఒక్కటే కాదు. వంటింటి పొగ అందులో పెద్ద భాగం.

దీపం పథకం వచ్చింది 1999లో. ఉజ్వల 2016లో. గ్యాసు వచ్చేలోపే మా అమ్మలు, అత్తలు పిడకల ముందు, తుమ్మకంప ముందు ముప్పై నలభై ఏళ్లు గడిపేశారు. పొయ్యి రాజేయడానికి జీవితమంతా ఊదుగొట్టం ఊదినామె ఇప్పుడు ఆస్పత్రిలో ఇంకో గొట్టం ఊదుతోంది. ఈసారి అంకె రాకపోతే సరిగ్గా ఊదలేదని కసురుతారు. కరీంనగర్ గ్రానైట్ క్వారీలు, మార్కాపురం పలకలు, గోదావరిఖని, కొత్తగూడెం బొగ్గు, జిన్నింగు మిల్లుల్లో పత్తి నూగు, కోళ్ల ఫారాల్లో దుమ్ము – ఆ పనులన్నిటి నుంచీ మా గుంపులోకి మనుషులు వచ్చారు.

టీబీ నుంచి వచ్చినవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. ప్రపంచంలోని టీబీ రోగుల్లో నలుగురిలో ఒకరు మన దేశంవారే. మందులు వాడినన్నాళ్లూ ఆశా వర్కరు ఇంటికొస్తుంది, పోషణకు నెలకు వెయ్యి రూపాయలు పడతాయి, పేరు కంప్యూటర్లో ఉంటుంది. ఆఖరి కళ్లె పరీక్షలో క్రిమి లేదని తేలిన రోజున ‘నయమైంది’ అని రాసి ఖాతా మూసేస్తారు. మూసిన ఖాతా వెనక మిగిలిన ఊపిరితిత్తి సగమే పనిచేస్తూ ఉండొచ్చు. ఆ మనిషికి ముప్పై అయిదేళ్లుండొచ్చు, తాపీ పనో సెంట్రింగు పనో చేసి పెళ్లాం పిల్లల్ని పోషించాల్సి ఉండొచ్చు. ఏ కార్యక్రమం జాబితాలోనూ లేని రోగి అతనే.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో తెరిచారు. వికారాబాద్ అనంతగిరి కొండ మీదా శానిటోరియం నడిచింది. మందు లేని ఆ కాలంలో ఇంగ్లండులోని ఫ్రిమ్లీ శానిటోరియంలో మార్కస్ పాటర్సన్ అనే వైద్యుడు, కోలుకుంటున్న రోగుల చేత కొలిచి కొలిచి నడకా ఆపైన పనీ చేయించేవాడు: ఈ వారం ఇంత దూరం, వచ్చే వారం ఇంకాస్త, తర్వాత చిన్న బుట్ట మోయడం, ఆ తర్వాత పార. మందులు రాగానే కొండలు ఖాళీ అయ్యాయి, మంచిదే. కొలిచి పెంచే ఆ పద్ధతి కూడా శానిటోరియంలతో పాటే మరుగున పడడం మాత్రం మంచిది కాదు.

తెలిసిన మందు, దొరకని మందు

వ్యాయామం, ఊపిరి మెళకువలు, తిండి, జబ్బు గురించిన చదువు – ఇవన్నీ కలిపి ఆరు నుంచి పన్నెండు వారాలు, వారానికి రెండు మూడు సార్లు నేర్పే చికిత్సను పల్మనరీ రిహాబిలిటేషన్ అంటారు. డెన్వర్‌లో థామస్ పెటీ 1960ల్లో దీన్ని ఒక పద్ధతిలో పెట్టాడు. ఇది పనిచేస్తుందా అన్న చర్చ ముగిసి పదేళ్లయింది. 2015లో కోక్రేన్ సంస్థ 65 పరీక్షలను, 3,822 మంది రోగుల ఫలితాలను కలిపి చూసింది. 6 నిమిషాల నడకలో సగటున 44 మీటర్లు పెరిగాయి. 30 మీటర్లు పెరిగితేనే మనిషికి తేడా తెలుస్తుంది. మామూలు వైద్యంతో దీన్ని పోల్చే పరీక్షలు సీఓపీడీలో ఇక అక్కర్లేదని, విషయం తేలిపోయిందని ఆ సంస్థ ప్రకటించింది. ఇంత తేలిన విషయం వైద్యంలో అరుదు.

ఇందులో ఒక తమాషా ఉంది. ఇంత మేలు జరిగినా ఊదే పరీక్ష అంకె దాదాపు కదలదు. ఊపిరితిత్తి ఎలా ఉందో అలాగే ఉంటుంది. మారేది తొడ, పిక్క, భుజం, ఊపిరి వదిలే తీరు, ఆయాసమంటే ఉన్న భయం. ఊదే పరీక్షనే నమ్ముకున్న వైద్యుడికి ఈ చికిత్స ఏమీ చేయనట్టే కనిపిస్తుంది. మాకు మాత్రం దీనితో సంత దగ్గరవుతుంది.

దొరకదన్న మాటకొస్తే, అది బీద దేశాల గోల మాత్రమే కాదు. అమెరికాలో 2014లో సీఓపీడీతో ఆస్పత్రి పాలై ఇంటికొచ్చిన సుమారు రెండు లక్షల మంది వృద్ధుల లెక్క తీస్తే, 90 రోజుల్లోపు ఈ చికిత్స మొదలుపెట్టినవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. అలా మొదలుపెట్టినవాళ్లలో ఏడాదిలో చనిపోయింది 7.3 శాతం, మిగతావాళ్లలో 19.6 శాతం. ఈ తేడా అంతా వ్యాయామానిదేనని మేము గొప్పలు చెప్పం. రాగలిగినవాళ్లు ముందే కాస్త గట్టివాళ్లై ఉంటారు. కానీ అందులో కొంతైనా దాని పుణ్యమైతే, ఆ కొంత కోసమే గొడవ చేయాలి. ఇదే ఒక మాత్ర అయి ఉంటే ప్రతి మందుల షాపు అద్దం మీదా పోస్టరు ఉండేది.

ఆ తర్వాత ఏమవుతుంది

ఇక్కడే మా ఉద్యమం మిగతావాటి నుంచి విడిపోతుంది. ఎనిమిది వారాల చికిత్స అందించడంతో పని అయిపోయిందనుకునేవాళ్లతో మాకు పేచీ ఉంది.

చేయగలగడం వేరు, చేయడం వేరు. బెల్జియంలోని లువెన్‌లో ఫాబియో పిట్టా, థియరీ ట్రూస్టర్స్ బృందం రోగుల నడుముకు యంత్రం కట్టి ఇంటి దగ్గర రోజూ ఎంతసేపు నడుస్తున్నారో కొలిచింది. 2008లో వచ్చిన ఆ ఫలితం చూడండి: మూడు నెలల చికిత్సకే కండరం బలపడింది, పరీక్షలో నడిచే దూరం పెరిగింది, కానీ ఇంటి దగ్గర నడిచే సమయం చెప్పుకోదగ్గంత మారలేదు. ఆరు నెలలు సాగాకే అది పెరిగింది. కాళ్లకు బలం ముందొస్తుంది, అలవాటు వెనక వస్తుంది. ఆ వెనక వచ్చేది రాకముందే మనం శిబిరం ఎత్తేస్తున్నాం.

మెల్‌బోర్న్‌లో ఆన్ హాలండ్ బృందం ఇంకోటి చేసి చూసింది. ఆస్పత్రికి రానక్కర్లేదు, ఫిజియోథెరపిస్టు ఒక్కసారి ఇంటికొచ్చి నేర్పి, ఆపైన వారానికొక ఫోను చొప్పున ఏడు వారాలు మాట్లాడాడు, అంతే. ఫలితం ఆస్పత్రిలో చేసినదానికి తీసిపోలేదు. యంత్రాలు లేవు, బిల్డింగు లేదు. 2017లో ఈ కబురు వచ్చినప్పుడు మాలో కొందరు ఎగిరి గంతేశారు. అదే పత్రంలో ఇంకో వాక్యం ఉంది, దాన్ని దాటేయకూడదు: ఏడాది తిరిగేసరికి ఆస్పత్రి గుంపులోనూ, ఇంటి గుంపులోనూ వచ్చిన లాభం నిలవలేదు.

నిలవకపోవడానికి కారణాలు మాకు తెలుసు, ఎవరూ పరిశోధించి చెప్పనక్కర్లేదు. డిసెంబరు మంచులో ఒకసారి జబ్బు తిరగబెడుతుంది, పది రోజులు మంచం, ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టించే మనిషి ఉండడు. మే నెల ఎండలో పొద్దున ఏడు దాటితే బయట అడుగు పెట్టలేం. ఇంట్లో పెళ్లి వస్తుంది, చావు వస్తుంది, పత్తి తీతలు వస్తాయి. అన్నిటికంటే పెద్ద కారణం ప్రేమ. ‘నువ్వు కూర్చో నాన్నా, నేను తెస్తాగా.’ ‘అత్తమ్మా, మీరు లేవకండి.’ ఈ మాటల్లో కల్మషం లేదు. కానీ నెల రోజులు వరసగా విన్న మనిషికి ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది అనిపించక మానదు. ఇంట్లోవాళ్లకు మా విన్నపం ఒకటే: చెంబు అందించొద్దు, పక్కన నడవండి.

మా కొలతలు మావే

లెక్క రాసుకోనిదాన్ని నిలుపుకోలేం. ల్యాబు కోసం ఎదురుచూడకుండా ఊళ్లోనే కొలవగలిగినవి ఎంచుకున్నాం.

చేతుల్లేని మామూలు కుర్చీ, గోడకు ఆనించి. చేతులు ఛాతీ మీద కట్టుకుని అయిదుసార్లు లేచి కూర్చోవాలి. ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో చూసి రాయాలి. చికిత్స తర్వాత ఇది 1.7 సెకన్లు తగ్గితే నిజమైన మార్పేనని లండన్ పరిశోధకులు 2013లో తేల్చారు. నాలుగు మీటర్ల దూరం టేపుతో కొలిచి సుద్దముక్కతో గీసి, మామూలు నడకతో ఎంతసేపట్లో దాటారో చూడాలి. 6 నిమిషాల నడకకు బడి వరండా గాని, గుడి ప్రాకారం గాని, ఎండ తగలని చోటు గాని 30 మీటర్లు ఉంటే సరిపోతుంది. మధ్యలో ఆగొచ్చు, గడియారం మాత్రం ఆగదు.

ఆయాసాన్ని సున్నా నుంచి నాలుగు దాకా రాస్తాం. ఈ మెట్లు వేల్స్ బొగ్గు గనుల కార్మికుల మీద పనిచేసిన చార్లెస్ ఫ్లెచర్ అడిగిన ప్రశ్నల నుంచి వచ్చాయి. బొగ్గు దిగినవాళ్ల కోసం పుట్టిన కొలత గోదావరిఖనికి పరాయిది కాదు. పరుగు పెడితే తప్ప ఆయాసం రానివాడు సున్నా. సమతల నేల మీద ఈడువాళ్లతో సమానంగా నడవలేనివాడు రెండు. వంద మీటర్లకు ఆగేవాడు మూడు. బట్టలు మార్చుకున్నా రొప్పుతూ, ఇల్లు దాటలేనివాడు నాలుగు. నాలుగు నుంచి మూడుకు రావడమంటే వాకిలి దాటడం.

వీటితో పాటు ప్రతి మనిషీ ఒక సొంత పని రాయించుకోవాలి. తన నోటితో, తన మాటల్లో. ‘పాలకేంద్రం దాకా క్యాను మోసుకెళ్లాలి.’ ‘శుక్రవారం తలంటు పోసుకుని నా జడ నేనే వేసుకోవాలి.’ ‘మసీదులో నేల మీద కూర్చుని నమాజు చేయాలి.’ మూడు నెలలకోసారి ఆ పని అయిందా లేదా అని అడుగుతాం. తిరుమల మెట్లెక్కిస్తామని మేమెవరికీ మాటివ్వం. ఆ మొక్కు ఉన్నవాళ్లు గుంపులో ముగ్గురు నలుగురు ఇప్పటికే తయారయ్యారు, వాళ్లను ఆపడమే మా పనవుతోంది.

ఊళ్లో ఎలా నడుస్తుంది

గుంపుకు ఎనిమిది మంది మించకూడదు. వారానికి మూడు రోజులు కలవాలి, మిగతా రోజులు ఇంటి దగ్గర. వేసవిలో తెల్లారకముందే, చలికాలంలో మంచు విడిచాక. వరి కొయ్యలు కాల్చే రోజుల్లో, భోగి పొద్దున బయటికి రాకుండా లోపలే కుర్చీ పని. నడక ఎంత గట్టిగా ఉండాలంటే, మాట్లాడితే మాట మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి రావాలి, కానీ మాట పూర్తిగా ఆగకూడదు. చేతులకు అర లీటరు నీళ్ల సీసాలు, తర్వాత లీటరువి. కాళ్లకు కుర్చీ, ఒక మెట్టు. పెదవులు సున్నాలా చుట్టి, పీల్చినదానికి రెట్టింపు సమయం తీసుకుని నెమ్మదిగా వదలడం మొదటి రోజే నేర్పుతాం. లోపల చిక్కుకున్న గాలి బయటికి పోవడానికి దారి అది. ఆయాసం ముంచుకొస్తే ముందుకు వంగి మోకాళ్ల మీద చేతులానించడం ఎవరికి వాళ్లే కనిపెట్టుకున్నారు, అది సరైనదే.

తిండి గురించి కొట్లాట తప్పదు. ఆయాసం ఉన్నవాళ్లకి గుడ్డు వేడి చేస్తుందని, పెరుగు కఫమని, రాత్రి గంజి చాలని ఇళ్లలో పెట్టే ఆంక్షలతో మనిషి ఇంకా చిక్కిపోతున్నాడు. కండరం కట్టాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, చేపలు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు. కడుపు నిండా ఒకేసారి తింటే పొట్ట పైకి నొక్కి ఆయాసం పెరుగుతుంది గనక ఎక్కువసార్లు అన్నాం, ఇంకే రహస్యం లేదు.

జాగ్రత్తలు ఉన్నాయి. గుంపులో చేరేముందు డాక్టరు ఒకసారి చూడాలి. ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, కళ్లెలో రక్తం పడుతున్నవాళ్లు, టీబీ ఇంకా అంటుకునే దశలో ఉన్నవాళ్లు ఆగాలి. కోవిడ్‌లో కొన్న వేలి క్లిప్పులు ఇళ్లలో పడి ఉన్నాయి, తీసుకురండి. నడుస్తుండగా అంకె 88 కిందికి దిగితే ఆగాలి. పదే పదే దిగితే డాక్టరుకి చూపాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆ రోజుకి చాలు. పంపు ఎప్పుడూ జేబులోనో, కొంగున ముడివేసుకునో ఉండాలి.

గుంపులో ఎవరూ ఏ మందూ అమ్మకూడదు. చేపమందు వాడొచ్చా అని అడిగితే, వాడేవాళ్లతో వాదించం, పంపు మాత్రం మానొద్దంటాం. బీడీ ఇంకా మానలేనివాడిని గుంపులోంచి పంపించం, అందరి ముందూ నిలదీయం. నడక మొదలెట్టినవాడు మానడానికి దారి వెతుక్కుంటాడు, తరిమేసినవాడు బడ్డీ కొట్టు దగ్గరే ఉంటాడు. పోటీలు, పతకాలు ఉండవు. ఇవాళ పది అడుగులు వేసినామెకి, నాలుగు వందల మీటర్లు నడిచినాయనకి నోటుబుక్కులో ఒకే అంత జాగా.

అడుగుతున్నవి

జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో బీపీ, షుగరుతో పాటు సీఓపీడీ, ఉబ్బసం పేర్లూ ఉన్నాయి. ఊరి ఆరోగ్య కేంద్రంలో బీపీ చూస్తారు, షుగరు చూస్తారు. మా నడక చూడరు. నాలుగు మీటర్ల సుద్దగీతకు, ఒక కుర్చీకి బడ్జెట్ అక్కర్లేదు. ఏఎన్ఎం, ఆశా వర్కర్లకు ఒక పూట నేర్పితే సరిపోతుంది, దానికి తగ్గ భత్యం కూడా ఇవ్వాలి. ఉచితంగా చేయించుకోవడం మాకిష్టం లేదు.

ప్రతి ప్రాంతీయ ఆస్పత్రిలో ఊపిరితిత్తుల రోగులకు వ్యాయామం నేర్పడం తెలిసిన ఫిజియోథెరపిస్టు శాశ్వత ఉద్యోగంలో ఉండాలి. ఏటా మన రెండు రాష్ట్రాల కాలేజీల నుంచి ఫిజియోథెరపీ చదివి బయటికొస్తున్న పిల్లలు ఉద్యోగాల్లేక తక్కువ జీతాలకు మోకాళ్ల క్లినిక్కుల్లో పనిచేస్తున్నారు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచీ దాని బలం ఆపరేషన్లు, పడక వైద్యం. ఊపిరితిత్తుల రోగికి ఎనిమిది వారాల వ్యాయామ చికిత్సను ఒక ప్యాకేజీగా రెండు రాష్ట్రాల పథకాల్లోనూ రాయాలి, ఇంటి దగ్గర ఫోనుతో నడిపేదానికీ అదే ఖరీదు కట్టాలి, ఏడాది పాటు కొనసాగింపు కలిపి రాయాలి. కొనసాగింపు లేని ప్యాకేజీ వద్దు. ముందే చెప్పాం, లాభం నిలవదు.

జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేరినవాళ్ల డిశ్చార్జి చీటీలో, మందుల పట్టిక కింద, మంచం మీంచి లేచి ఎన్ని అడుగులు వేశాడో రాయాలి. నాలుగు వారాల్లోపు వ్యాయామం ఎక్కడ, ఎవరి దగ్గర మొదలుపెట్టాలో రాయాలి. టీబీ ఖాతా మూసే రోజున ఊదే పరీక్ష, 6 నిమిషాల నడక చేసి, తేడా ఉంటే ఇంకో ఖాతా తెరవాలి.

చివరగా వికలాంగుల హక్కుల చట్టం, 2016. అందులో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ చేర్చారు, సంతోషం. ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధి లేదు. వంద మీటర్లు నడవలేని మనిషి ఆ చట్టం దృష్టిలో వికలాంగుడు కాడు, ఎందుకంటే అతనికి రెండు కాళ్లూ ఉన్నాయి. మేము సర్టిఫికెట్ అడుగుతున్నది ఎక్స్‌రే మచ్చలను బట్టి కాదు. ఎంత దూరం నడవగలడు, కుర్చీలోంచి ఎంతసేపట్లో లేవగలడు, ఆయాసం ఏ మెట్టులో ఉంది – వీటితో తేల్చండి. వ్యాయామం చేసి బాగుపడితే పెన్షను పోతుందన్న భయం మనిషిని మంచానికి కట్టేయకుండా, ఒకసారి ఇచ్చిన సర్టిఫికెట్‌ను కనీసం అయిదేళ్లు కదిలించకూడదని కూడా అడుగుతున్నాం. ఈ చివరి మాట మీద మాలోనే వాదన జరిగింది. గట్టివాళ్లు కూడా పెన్షను తీసుకుంటారని ఒకరన్నారు. తీసుకోనివ్వండి, ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కుంటారు అన్నది మెజారిటీ.

మేము ఇవ్వలేనివి కూడా తెలియాలి. పోయిన ఊపిరితిత్తి తిరిగి రాదు. కొందరికి జబ్బు ముందుకే పోతుంది, వాళ్లకు నిలకడే గెలుపు, అదీ కొన్నాళ్లే. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ అవసరమైనవాళ్లు గొట్టం ముక్కుకు పెట్టుకునే వ్యాయామం చేస్తారు. అది చూసి ఎవరూ భయపడక్కర్లేదు.

కొత్తగా గుంపు మొదలుపెట్టాలనుకునే ఊరికి కావలసినవి: గోడకు ఆనే కుర్చీ, కొలత టేపు, సుద్దముక్క, సెకన్లు చూపే ఫోను, అర లీటరు సీసాలు రెండు, రెండు వందల పేజీల నోటుబుక్కు, వారానికోసారి ఫోను చేసే బాధ్యత తీసుకునే మనిషి ఒకరు. ఆ మనిషి చదువుకున్నవాడే కానక్కర్లేదు, మరిచిపోనివాడైతే చాలు. మొదటి రోజు కొలతలు తీసుకోవడానికి గంటన్నర పడుతుంది. చెప్పులు వదులుగా ఉన్నవి వేసుకురావద్దు.